వైర్‌లెస్ డ్రైవర్‌లో ప్యాకెట్ ఎక్కడ ఆగుతోంది? క్యూ జాప్యాన్ని కొలిచే పద్ధతిపై చర్చ

సాలెగూడు

అందరికీ నమస్కారం. కళాశాల ప్రయోగశాలలో లినక్స్‌తో నడిచే ఒక యాక్సెస్ పాయింట్ (వైఫైని అందించే పరికరం) మీద పనిచేస్తున్నాను. అందులోని రేడియో 802.11ఏసీ రకానిది, చాలా పనులను ఫర్మ్‌వేర్ (చిప్ లోపలే నడిచే సాఫ్ట్‌వేర్) సొంతంగా చేసుకునే చిప్. గదిలోనే ఒక ల్యాప్‌టాప్, రెండు గోడల అవతల మరొక ల్యాప్‌టాప్ దానికి కలిసి ఉన్నాయి. దూరంగా ఉన్నదానికి వేగాన్ని పరీక్షించే ఐపెర్ఫ్3తో డేటా పంపడం మొదలుపెట్టగానే, పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌కు పింగ్ సమయం కొద్ది మిల్లీసెకన్ల నుంచి వందల మిల్లీసెకన్లకు పెరిగిపోతోంది. కర్నెల్ క్యూలను చూపే టీసీ ఆదేశంతో చూస్తే ఆ ఇంటర్‌ఫేస్‌లో బ్యాక్‌లాగ్ (వేచి ఉన్నవి) సున్నా అనే కనిపిస్తోంది.

ప్యాకెట్ డ్రైవర్ ట్రాన్స్‌మిట్ ఫంక్షన్‌లోకి రాగానే ఒక టైమ్‌స్టాంప్, పంపడం పూర్తయిందని చిప్ చెప్పగానే మరొక టైమ్‌స్టాంప్ తీసుకొని, ఆ రెంటి తేడాను కర్నెల్ లాగ్‌లో ముద్రించాలని అనుకుంటున్నాను. ఆ తేడాను క్యూ జాప్యం అనవచ్చునా? ఇంతకన్నా మెరుగైన పద్ధతి ఉంటే తెలియజేయగలరు.

పాతకర్నెల్

సాలెగూడు గారూ, ఆ తేడా క్యూ జాప్యం కాదు. డ్రైవర్‌లోనూ ఫర్మ్‌వేర్‌లోనూ ఆగిన సమయానికి గాలిలో గడిచిన సమయం కలిపితే వచ్చే మొత్తం అది. పైగా మీరు మొదటి ముద్ర (టైమ్‌స్టాంప్) వేయాలనుకుంటున్న చోటికి చేరకముందే ప్యాకెట్ చాలాసేపు ఆగి ఉండవచ్చు, ఆ భాగం మీ లెక్కలోకి రానే రాదు.

టీసీ సున్నా చూపించడంలో వింత లేదు. ఈథర్‌నెట్ కార్డు అయితే ప్యాకెట్ క్యూడిస్క్ అనే కర్నెల్ క్యూలో వేచి ఉంటుంది కనుక టీసీకి కనబడుతుంది. మ్యాక్80211 (లినక్స్ కర్నెల్‌లోని వైఫై భాగం) కింద పనిచేసే డ్రైవర్లకు ఆ స్థానంలో నోక్యూ, అంటే క్యూ లేదు, అని మాత్రమే ఉంటుంది. ప్యాకెట్ క్యూడిస్క్‌లో ఆగకుండా నేరుగా మ్యాక్80211లోకి వెళ్ళి, ఒక్కో స్టేషన్‌కు (కలిసి ఉన్న పరికరానికి), అందులో ఒక్కో ట్రాఫిక్ ఐడీకి (ప్రాధాన్యాన్ని తెలిపే సంఖ్యకు) విడిగా ఉండే మధ్యంతర క్యూలో చేరుతుంది. డ్రైవర్ తనకు చోటు దొరికినప్పుడల్లా అక్కడి నుంచి ప్యాకెట్లను లాక్కుంటుంది. మొదట్లో కొన్ని డ్రైవర్లే ఈ పద్ధతిని వాడేవి, 6.2 కర్నెల్ నుంచి మ్యాక్80211 డ్రైవర్లన్నీ ఈ దారిలోనే నడుస్తున్నాయి. అందువల్ల ఈథర్‌నెట్‌లో పనికొచ్చే నెట్ డెవ్ ఎక్స్‌మిట్ ట్రేస్‌పాయింట్‌ను (కర్నెల్ తన పనిని నమోదు చేసే చోటును) చూసి ప్యాకెట్ వెళ్ళిపోయిందని అనుకోకండి. వైఫైలో ఆ ట్రేస్‌పాయింట్ పలికే సమయానికి ప్యాకెట్ అసలు క్యూలోకి అప్పుడే అడుగుపెట్టి ఉంటుంది.

డీబగ్‌ఎఫ్‌ఎస్‌ను (కర్నెల్ లోపలి వివరాలను ఫైళ్ళుగా చూపేదాన్ని) మౌంట్ చేసి, మీ రేడియో కింద ఆయా స్టేషన్ ఫోల్డర్‌లో ఉండే ఏక్యూఎం అనే ఫైలును ముందు చూడండి. ఒక్కో ట్రాఫిక్ ఐడీకి ఒక్కో వరుస ఉంటుంది: బ్యాక్‌లాగ్ బైట్లు, బ్యాక్‌లాగ్ ప్యాకెట్లు, కొత్త ఫ్లోలు (ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్ల ప్రవాహాలు), పారేసినవి, ఈసీఎన్ (రద్దీ హెచ్చరిక) గుర్తు వేసినవి, పంపినవి. సాధారణ డేటా ట్రాఫిక్ ఐడీ 0లో కనబడుతుంది. ఐపెర్ఫ్ నడుస్తున్నప్పుడు ఆ వరుసలో బ్యాక్‌లాగ్ పెరుగుతూ, పారేసిన ప్యాకెట్ల సంఖ్య అప్పుడప్పుడూ కదులుతూ ఉంటే మధ్యంతర క్యూ తన పని తాను చేస్తున్నట్టు. అక్కడ బ్యాక్‌లాగ్ దాదాపు ఖాళీగా ఉండి, పింగ్ మాత్రం వందల మిల్లీసెకన్లు చూపిస్తూ ఉంటే, ప్యాకెట్లు దాని కిందనే ఎక్కడో పేరుకుంటున్నాయని అర్థం. మీ విషయంలో రెండోదే జరుగుతోందని నా అనుమానం.

ఎందుకంటే ఒక చిన్న లెక్క చూడండి. 1500 బైట్ల ప్యాకెట్లు వెయ్యి కలిపితే 1 కోటి 20 లక్షల బిట్లు. 600 ఎంబీపీఎస్ వేగంతో పోయే స్టేషన్‌కు అది 20 మిల్లీసెకన్ల పని. 6 ఎంబీపీఎస్‌కు పడిపోయిన స్టేషన్‌కు 2 సెకన్ల పని. వేగంగా పోయే స్టేషన్‌ను దృష్టిలో పెట్టుకొని ఫర్మ్‌వేర్‌లో వెయ్యి ప్యాకెట్లకు చోటు ఇచ్చారనుకోండి, గోడల అవతలి ల్యాప్‌టాప్‌కు వెళ్ళాల్సినవి ఆ చోటును ఆక్రమించుకుంటే పక్కనున్న ల్యాప్‌టాప్ ప్యాకెట్ కూడా వాటి వెనకే నిలబడాలి. ఈథర్‌నెట్‌లో ఈ సమస్యను బైట్ల పరిమితితో తీర్చారు, 2012లో 3.3 కర్నెల్‌తో వచ్చిన బీక్యూఎల్ అదే. వైఫైలో బైట్ల లెక్క పనికిరాదు. వరుసలో పదిమంది ఉన్నారంటే ఎంతసేపు పడుతుందో కౌంటరులో ఎవరు కూర్చున్నారో తెలిస్తే తప్ప చెప్పలేం. ఇక్కడ ఒక్కో స్టేషన్‌కు ఒక్కో గుమస్తా, వాళ్ళ చేతి వేగం కూడా క్షణక్షణం మారుతూ ఉంటుంది.

కాబట్టి రెండు ముద్రలు చాలవు, మూడు కావాలి: మధ్యంతర క్యూలో చేరినప్పుడు ఒకటి, డ్రైవర్ దాన్ని లాక్కొని చిప్‌కు అప్పగించినప్పుడు ఒకటి, పూర్తయినట్టు కబురు వచ్చినప్పుడు ఒకటి. మొదటి రెంటి మధ్య తేడా కర్నెల్ అదుపులో ఉన్న జాప్యం, చివరి రెంటి మధ్య తేడా చిప్ అదుపులో ఉన్న జాప్యం.

తరంగిణి

పాతకర్నెల్ గారు చెప్పిన రెండో తేడా విషయంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే అందులో ఫర్మ్‌వేర్ క్యూ ఒక్కటే లేదు. ఆ కాసేపటిలో రేడియో ఏమేం చేస్తుందో విడదీసి చూడకపోతే, గాలిలో జరిగిన ఆలస్యానికి క్యూను నిందించే ప్రమాదం ఉంది.

చిప్ ప్యాకెట్లను ఒక్కొక్కటిగా పంపదు. వాటిని గుదిగుచ్చి ఒకే ప్రసారంగా పంపుతుంది; 802.11ఎన్, ఏసీలలో అలాంటి ఒక ప్రసారం గరిష్ఠంగా 5.484 మిల్లీసెకన్లు ఉండవచ్చు. ప్రసారానికి ముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో చూసి, యాదృచ్ఛికంగా కొన్ని స్లాట్లు వెనక్కి లెక్కపెట్టాలి. 5 గిగాహెర్ట్జ్‌లో ఒక స్లాట్ 9 మైక్రోసెకన్లు. సాధారణ డేటాకు ఈ లెక్క 0 నుంచి 15 స్లాట్ల మధ్య మొదలవుతుంది, ప్రసారం విఫలమైనప్పుడల్లా ఆ పరిధి రెట్టింపవుతుంది. యాక్సెస్ పాయింట్లలో మామూలుగా 63 దగ్గర ఆగుతుంది, క్లయింట్లలో 1023 దాకా పోగలదు. 1023 స్లాట్లంటే దాదాపు 9.2 మిల్లీసెకన్లు. అయితే అసలు సమయం స్లాట్లలో పోదు. లెక్క నడుస్తుండగా వేరెవరైనా ప్రసారం మొదలుపెడితే గడియారం స్తంభించి, వాళ్ళది ముగిశాకే మళ్ళీ కదులుతుంది, ఆ ఎదుటివారి ప్రసారం కూడా 5 మిల్లీసెకన్లకు మించవచ్చు. పక్కింటి యాక్సెస్ పాయింట్ అదే ఛానల్‌లో ఉంటే దాని రద్దీ కూడా మీ లెక్కలో చేరుతుంది.

ఇక ఎవరూ అంతగా పట్టించుకోనిది నిద్ర. క్లయింట్ విద్యుత్తు ఆదా కోసం రేడియోను ఆపుకుంటే, దానికి రావలసిన ప్యాకెట్లను యాక్సెస్ పాయింట్ అట్టేపెట్టి, బీకన్‌లో (తాను క్రమం తప్పక పంపే ప్రకటనలో) కబురు పెడుతుంది. బీకన్ విరామం సాధారణంగా 100 టైమ్ యూనిట్లు, అంటే 102.4 మిల్లీసెకన్లు. ఏ రద్దీ లేనప్పుడు కూడా పింగ్ కాసేపు 2 మిల్లీసెకన్లు, కాసేపు దాదాపు 100 చూపిస్తూ ఉంటే అది క్యూ కానే కాదు. కొలిచే ముందు రెండు ల్యాప్‌టాప్‌లలోనూ ఐడబ్ల్యూ ఆదేశంతో పవర్ సేవ్‌ను ఆపేయండి.

గాలిని విడిగా చూడాలంటే మూడో యంత్రాన్ని మానిటర్ మోడ్‌లో పెట్టి అదే ఛానల్‌ను వినడం ఒక్కటే నమ్మదగిన మార్గం. వినిపించిన ప్రతి ఫ్రేమ్‌కూ రేడియోట్యాప్ హెడర్‌లో మైక్రోసెకన్ల గడియారపు విలువ ఉంటుంది. మీ మూడో ముద్రకూ ఆ విలువకూ ఉన్న అంతరాన్ని చూస్తే, చిప్ కబురును ఎంత ఆలస్యంగా, ఎన్నింటిని పోగుచేసి ఇస్తోందో బయటపడుతుంది. కొన్ని చిప్‌లు డజన్ల ప్యాకెట్లకు కలిపి ఒకే ఇంటరప్ట్ ఇస్తాయి. అప్పుడు మొదటి ప్యాకెట్‌కూ చివరి ప్యాకెట్‌కూ పూర్తయిన సమయం ఒకటే అన్నట్టు నమోదవుతుంది.

పింగ్‌ప్రియ

ఇంత లోతుకు వెళ్ళవలసిన అవసరం ఉందా అన్నది నా సందేహం. వీడియో కాల్ తెగిపోతోందా లేదా అన్నదే వాడేవారికి కావాలి, దాన్ని రద్దీలో పింగ్ నేరుగా చెబుతుంది. ఫ్లెంట్ ఉపకరణంలో ఆర్‌ఆర్‌యూఎల్ పరీక్ష నడిపితే నాలుగు టీసీపీ ప్రవాహాలు అటు, నాలుగు ఇటు పోతుండగా జాప్యం ఎలా ఉందో గ్రాఫ్ గీసి ఇస్తుంది. డ్రైవర్‌లో చేతులు పెట్టకుండానే ముందూ వెనకా పోల్చుకోవచ్చు.

పాతకర్నెల్

పింగ్‌ప్రియ గారూ, ఆ పరీక్ష తప్పక చేయాలి, దానితో నాకు పేచీ లేదు. జాప్యం ఉందని పింగ్ చెబుతుంది; అది ఎక్కడుందో చెప్పలేదు. ఒక్కోసారి ఉన్నదాన్ని లేదని కూడా చెబుతుంది, దీని గురించే నాలుగు మాటలు రాస్తాను.

మ్యాక్80211 మధ్యంతర క్యూలో ప్యాకెట్లను ఫ్లోలుగా విడదీసి, కొత్తగా వచ్చిన, కొద్దిగా మాత్రమే పంపే ఫ్లోలకు ముందు అవకాశం ఇస్తారు. ఎరిక్ డ్యుమాజె 2012లో 3.5 కర్నెల్‌కు రాసిన ఎఫ్‌క్యూ-కోడెల్ అనే క్యూ నిర్వహణ పద్ధతిలోని ఆలోచనే ఇది; 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8290 అనే ప్రయోగాత్మక పత్రంగానూ వచ్చింది. సెకనుకు ఒకటో రెండో పోయే పింగ్ ప్యాకెట్ అచ్చంగా అలాంటి పలుచని ఫ్లో. అది వరుస దాటి ముందుకు పోతుంది, దాని వెనక టీసీపీ ప్రవాహం మాత్రం తన క్యూలో పదుల మిల్లీసెకన్లు ఆగే ఉంటుంది. వీడియో కాల్ పింగ్‌లా పలుచగా ఉండదు. కనుక పింగ్ తక్కువగా ఉన్నంత మాత్రాన క్యూ ఖాళీగా ఉందని తేల్చలేం. సాలెగూడు గారి విషయంలో పింగ్ ఎక్కువగా ఉందంటే, ఫ్లోలను విడదీసే చోటు దాటాక, అంటే అందరినీ ఒకే గాటన కట్టే ఫర్మ్‌వేర్ దగ్గర ఆగుతోందన్న నా అనుమానానికి అది మరింత బలమిస్తోంది.

ఐపెర్ఫ్ పంపే వైపును యాక్సెస్ పాయింట్ మీదనే నడపకండి. అదే యంత్రంలో పుట్టిన టీసీపీకి చిన్న క్యూల నియమం ఒకటి వర్తిస్తుంది, 2012లో 3.6 కర్నెల్‌తో వచ్చిన టీఎస్‌క్యూ. సాకెట్ తానే ఎక్కువ పంపకుండా నిగ్రహించుకుంటుంది కనుక క్యూ సహజంగా పెరగదు. పంపే యంత్రం వైరుతో అవతల ఉండి, యాక్సెస్ పాయింట్ కేవలం ముందుకు పంపుతూ ఉంటేనే మన ఇళ్ళలో జరిగేది కనబడుతుంది.

సాలెగూడు

అందరికీ కృతజ్ఞతలు. పవర్ సేవ్‌ను ఆపేశాను, పంపే యంత్రం మొదటి నుంచీ వైరు మీదనే ఉంది. ఏక్యూఎం ఫైలులో బ్యాక్‌లాగ్ దాదాపు ఖాళీగానే కనిపిస్తోంది.

డ్రైవర్‌ను తిరిగి కట్టకుండా (కంపైల్ చేయకుండా) ముందుగా, నడుస్తున్న కర్నెల్‌ను గమనించే బీపీఎఫ్‌ట్రేస్‌తో ప్రయత్నించాను. ప్యాకెట్‌కు చెందిన ఎస్‌కేబీ (కర్నెల్‌లో ప్యాకెట్‌ను ఉంచే నిర్మాణం) చిరునామాను గుర్తుగా పెట్టుకొని, క్యూలో చేరినప్పటి సమయాన్ని మ్యాప్‌లో దాచి, పూర్తయినప్పుడు తీసివేసి హిస్టోగ్రామ్ గీస్తున్నాను. ఎక్కువ భాగం సబబుగానే ఉంది గానీ, అక్కడక్కడా అనేక సెకన్ల విలువలు వస్తున్నాయి, మరికొన్ని ప్యాకెట్లకు మొదలే దొరకడం లేదు. దీనికి కారణం ఏమై ఉంటుంది?

పాతకర్నెల్

ఎస్‌కేబీ చిరునామా ప్యాకెట్‌కు శాశ్వతమైన గుర్తు కాదు. కర్నెల్ విడుదల చేసిన వెంటనే అదే చిరునామా మరో ప్యాకెట్‌కు వెళ్ళిపోతుంది. మొదటి ప్యాకెట్ మధ్యలో పారేయబడి, మీరు మ్యాప్ నుంచి దాన్ని తీసేయకపోతే, ఎప్పటిదో పాత సమయం కొత్త ప్యాకెట్‌కు అంటుకుంటుంది. మీ అనేక సెకన్ల విలువలకు అదే మూలం. కేఫ్రీ ఎస్‌కేబీ, కన్స్యూమ్ ఎస్‌కేబీ ట్రేస్‌పాయింట్లలో కూడా మ్యాప్‌ను శుభ్రం చేయండి.

మొదలే దొరకని వాటికి వేరే కారణాలున్నాయి. పై నుంచి వచ్చే ప్యాకెట్ ఒక్కోసారి 64 కిలోబైట్ల పెద్ద ముద్దగా వస్తుంది; మీ యాక్సెస్ పాయింట్ కేవలం ముందుకు పంపేదే అయినా, లోపలికి వచ్చేటప్పుడు జీఆర్‌ఓ అనే కర్నెల్ సదుపాయం చిన్న ప్యాకెట్లను అతికించి అలాంటి ముద్దను తయారు చేస్తుంది. మ్యాక్80211 దాన్ని నలభైకి పైగా ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలన్నీ కొత్త ఎస్‌కేబీలు. కనుక ముద్ద మీద కాకుండా, ముక్కలయ్యాక మధ్యంతర క్యూలో చేరే చోట ముద్ర వేయాలి. ఎస్‌కేబీని క్లోన్ చేసినప్పుడు కూడా చిరునామా మారిపోతుంది.

డ్రైవర్‌ను తిరిగి కట్టగలిగితే అన్నిటికన్నా శుభ్రమైన మార్గం ఒకటుంది. క్యూలో చేరిన సమయాన్ని కోడెల్ (నిలిచిపోయిన క్యూను తగ్గించే పద్ధతి) కోసం మ్యాక్80211 ఇప్పటికే రాసి పెడుతోంది. ఎస్‌కేబీలోని 48 బైట్ల నియంత్రణ భాగంలో అది ఉంటుంది. నానోసెకన్లను 10 బిట్లు కుడికి జరిపి దాస్తారు కనుక ఒక్కో అంకె 1.024 మైక్రోసెకన్లకు సమానం. చిక్కేమిటంటే ఆ 48 బైట్లు ఎప్పుడూ కిక్కిరిసే ఉంటాయి, ప్రసార ఫలితాన్ని నింపేటప్పుడు అదే చోటు మరో రూపంలో వాడబడుతుంది. పూర్తయ్యే వేళకు మీరు చూసే అంకె ఏ పునఃప్రయత్నాల లెక్కో అయి ఉంటుంది. అందుచేత డ్రైవర్ ప్యాకెట్‌ను లాక్కున్న క్షణంలోనే ఆ విలువను చదివి, ఇప్పటి సమయంతో పాటు డ్రైవర్ సొంత పట్టికలో రాసుకోండి. ఫర్మ్‌వేర్‌తో నడిచే చిప్‌లకు ప్రతి ప్యాకెట్‌తోనూ ఒక గుర్తింపు సంఖ్యను ఇవ్వాలి, పూర్తయిన కబురులో అదే సంఖ్య తిరిగి వస్తుంది. ఆ సంఖ్యతో సూచించబడే వరుసలో రెండు అంకెలు చేర్చితే చాలు, చిరునామాల గొడవ ఉండదు.

ఎస్‌కేబీలో టీస్టాంప్ అనే చోటు ఖాళీగా కనిపిస్తోందని దాన్ని వాడుకోవద్దు. టీసీపీ పేసింగ్‌లో ఈ ప్యాకెట్ ఫలానా సమయానికి ముందు బయలుదేరకూడదని చెప్పేందుకు ఆ చోటే వాడుతున్నారు.

చిన్నరౌటర్

ఒక ఆచరణాత్మక హెచ్చరిక. మొదటి టపాలో కర్నెల్ లాగ్‌లో ముద్రిస్తానన్నారు. చిన్న రౌటర్లలో కర్నెల్ లాగ్ సీరియల్ కన్సోల్‌కు కూడా పోతుంది, అది సాధారణంగా 115200 బాడ్ మీద నడుస్తుంది. ఒక్కో అక్షరానికి 10 బిట్ల చొప్పున సెకనుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల వరుస ఒకటి బయటికి పోవడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు. ప్యాకెట్‌కు ఒక వరుస ముద్రిస్తే, మీరు కొలిచేది మీ ముద్రణ సృష్టించిన జాప్యాన్నే. కర్నెల్‌లోనే ఒక్కో కోర్‌కు ఒక్కో హిస్టోగ్రామ్ పెట్టుకొని, కొలత ముగిశాక డీబగ్‌ఎఫ్‌ఎస్ ద్వారా చదవండి. లేదా ట్రేస్ రింగ్ బఫర్‌లో రాయండి.

గడియారం విషయం కూడా చూసుకోండి. హెచ్‌జెడ్ 100తో (సెకనుకు 100 టిక్కులతో) కట్టిన కర్నెల్‌లో ఒక జిఫీ (ఒక టిక్కు) అంటే 10 మిల్లీసెకన్లు. దానితో 5 మిల్లీసెకన్ల జాప్యాన్ని కొలవడం కుదరదు. గోడ గడియారం సమయాన్నీ వాడవద్దు, మధ్యలో ఎన్‌టీపీ దాన్ని సర్దితే తేడా రుణసంఖ్యగా కూడా రావచ్చు. ఎప్పుడూ వెనక్కి పోని మోనోటానిక్ గడియారమే కావాలి.

లెక్కలమాష్టారు

కొలిచినదాన్ని ఎలా చదవాలన్న దానిపై ఎవరూ ఇంకా మాట్లాడలేదు గనుక రాస్తున్నాను. దయచేసి సగటు చూపించవద్దు. ఒక స్టేషన్‌కు 2 మిల్లీసెకన్లు, మరొక స్టేషన్‌కు 400 మిల్లీసెకన్లు ఉంటే సగటుగా వచ్చే అంకె ఏ స్టేషన్ అనుభవమూ కాదు. స్టేషన్‌కు విడిగా, ప్రాధాన్య తరగతికి విడిగా హిస్టోగ్రామ్ పెట్టండి. రెండు రెట్లుగా పెరిగే గళ్ళు చాలు. 50, 95, 99 పర్సెంటైళ్ళు చెబితే మిగతాది చదివేవారికి అర్థమవుతుంది.

కాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ 2012లో కోడెల్‌ను ప్రతిపాదించినప్పుడు దాని మూలంలో ఒక గమనిక ఉంది, అది మన కొలతకూ వర్తిస్తుంది. క్యూ ఒక్కసారి ఉబ్బి వెంటనే తగ్గిపోతే అది మంచి క్యూయే, ఆటుపోట్లను భరించడానికే దాన్ని పెట్టారు. ఒక విరామం పొడుగునా ఎప్పుడూ ఒక స్థాయి కిందికి దిగని క్యూ మాత్రం ఉత్త ఆలస్యం, దానివల్ల వేగమేమీ పెరగదు. అందుకే కోడెల్ గరిష్ఠాన్నో సగటునో కాకుండా విరామంలోని కనిష్ఠాన్ని చూస్తుంది. అసలు రూపంలో లక్ష్యం 5 మిల్లీసెకన్లు, విరామం 100. వైఫైలో గుత్తులుగా పంపడం వల్ల 5 మరీ బిగువైపోతుంది కనుక మ్యాక్80211లో లక్ష్యాన్ని 20 మిల్లీసెకన్లకు సడలించారు, స్టేషన్ మరీ నెమ్మదిగా ఉంటే 50 మిల్లీసెకన్లు, విరామం 300. మీరు కూడా 100 మిల్లీసెకన్ల కిటికీల్లో కనిష్ఠ జాప్యాన్ని విడిగా నమోదు చేయండి. ఆ కనిష్ఠం సున్నా దగ్గరికి రాకపోతే క్యూ నిలిచిపోయిందన్న మాట.

మరొక లోపం కూడా ఉంది. పారేసిన ప్యాకెట్లకు పూర్తయిన కబురు రాదు, అందుచేత చివరిదాకా బతికినవాటి జాప్యమే మీ హిస్టోగ్రామ్‌లో చేరుతుంది. ఎక్కువసేపు ఆగినవే పారేయబడతాయి కనుక జాప్యం ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది. పారేసే చోట కూడా అప్పటిదాకా గడిచిన సమయాన్ని రాసుకోండి, అయితే వేరే హిస్టోగ్రామ్‌లో.

మీ ముద్రలు సరిగా పడుతున్నాయో లేదో సరిచూసుకోవడానికి లిటిల్ సూత్రం చాలు. క్యూలో సగటున ఉన్న ప్యాకెట్ల సంఖ్య, సెకనుకు బయటికి పోయే ప్యాకెట్ల సంఖ్యను సగటు జాప్యంతో గుణిస్తే వచ్చే విలువకు సమానం కావాలి. సెకనుకు 5000 పోతూ, లోపల సగటున 100 ఉంటే జాప్యం 20 మిల్లీసెకన్లు. చిప్‌కు ఇచ్చి ఇంకా కబురు రాని ప్యాకెట్ల సంఖ్య డ్రైవర్ దగ్గర ఎలాగూ ఉంటుంది. రెండు దారుల్లో వచ్చిన అంకెలు చాలా దూరంగా ఉంటే ఎక్కడో ముద్ర తప్పుతోంది. (సగటు వద్దన్నవాడినే సగటు వాడుతున్నానని నవ్వకండి, ఇది సరిచూసుకోవడానికి మాత్రమే.)

సాలెగూడు

డ్రైవర్ పట్టికలో రెండు ముద్రలు చేర్చి, స్టేషన్ వారీగా హిస్టోగ్రామ్‌లు తీశాను. లిటిల్ సూత్రంతో అంకెలు దగ్గరగానే సరిపోయాయి. మధ్యంతర క్యూలో దాదాపు అన్ని ప్యాకెట్లూ 1 మిల్లీసెకను లోపే దాటిపోతున్నాయి. చిప్‌కు అప్పగించాక మాత్రం హిస్టోగ్రామ్ రెండు గుట్టలుగా విడిపోయింది: ఐపెర్ఫ్ ఆగి ఉన్నప్పుడు చిన్న గుట్ట ఎడమ వైపు కొసన, నడుస్తున్నప్పుడు పెద్ద గుట్ట వందల మిల్లీసెకన్ల గళ్ళలో. దగ్గరి ల్యాప్‌టాప్‌కు, దూరపు ల్యాప్‌టాప్‌కు ఆ పెద్ద గుట్ట ఇంచుమించు ఒకే చోట ఉంది. 100 మిల్లీసెకన్ల కిటికీల్లోని కనిష్ఠం కూడా కిందికి దిగడం లేదు.

కొలవడం వరకూ స్పష్టమైంది. మా కర్నెల్ 5.4. దీన్ని తగ్గించడానికి చిప్‌కు ఇచ్చే ప్యాకెట్ల సంఖ్యకు ఒక పరిమితి పెడితే సరిపోతుందా?

పాతకర్నెల్

రెండు స్టేషన్ల గుట్టలు ఒకే చోట ఉండడమే కీలకమైన ఆధారం. మధ్యంతర క్యూలో స్టేషన్లు వేరు వేరుగా ఉంటాయి. ఒకదాని నెమ్మది మరొకదానికి అంటుకుందంటే అది ఉమ్మడి చోటులోనే జరగాలి. 802.11బీ రోజుల్లోనే, 2003లో, నెమ్మదైన ఒక్క స్టేషన్ వేగమైనవాటన్నిటినీ తన స్థాయికి లాగేస్తుందని పరిశోధకులు చూపించారు. 2017లో టోకె హోయిలాండ్-యోర్గెన్‌సెన్ బృందం యూస్‌నిక్స్ సదస్సులో ప్రకటించిన పరిష్కారం మధ్యంతర క్యూల మీద, గాలి సమయాన్ని సమానంగా పంచడం మీద నిలిచింది. చిప్ లోపల లోతైన క్యూ ఉంటే మాత్రం పైన ఎంత చక్కని ఏర్పాటు చేసినా దాని ప్రభావం కిందికి దిగదు.

సంఖ్యకు పరిమితి పెట్టడం మొదట నేను చెప్పిన బైట్ల చిక్కులోకే తీసుకెళుతుంది. 5.5 కర్నెల్‌తో వచ్చిన ఏక్యూఎల్ దానికి సరైన మందు. ప్రతి ప్యాకెట్‌కూ ఎంత గాలి సమయం పడుతుందో ఆ స్టేషన్ తాజా వేగాన్ని బట్టి అంచనా వేసి, చిప్‌కు ఇచ్చేటప్పుడు ఖాతాలో రాసి, పూర్తయిన కబురు రాగానే కొట్టివేస్తుంది. అప్రమేయంగా ఒక్కో స్టేషన్‌కు 5 మిల్లీసెకన్ల బాకీ వరకూ అడ్డు ఉండదు. రేడియో మొత్తం బాకీ 24 మిల్లీసెకన్ల లోపు ఉంటే స్టేషన్‌కు 12 దాకా ఇస్తుంది. మీరు కనీసం 5.5కు మారాలి. మారాక డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని ఏక్యూఎల్ పరిమితి ఫైలులో తరగతి సంఖ్య, కింది హద్దు, పై హద్దు రాసి మార్చుకోవచ్చు. సాధారణ డేటా తరగతి సంఖ్య 2, హద్దులు మైక్రోసెకన్లలో.

తరంగిణి

హద్దును మరీ తగ్గించాలన్న ఆశకు పోకండి. చిప్ దగ్గర తగినన్ని ప్యాకెట్లు లేకపోతే గుత్తి చిన్నదవుతుంది, ప్రతి గుత్తికీ ఛానల్ కోసం పోటీపడే ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది, దాంతో మొత్తం వేగం పడిపోతుంది. ఒక గుత్తి గాలిలో ఉండగా మరొకటి సిద్ధంగా ఉండాలి. కాబట్టి ప్రతి హద్దు దగ్గరా జాప్యంతో పాటు వేగాన్ని కూడా నమోదు చేసి, వేగం తగ్గడం మొదలైన చోటుకు కాస్త పైన ఆగండి. ఏక్యూఎల్ అంచనాలో పునఃప్రయత్నాలు పూర్తిగా లెక్కకు రావు, గోడల అవతలి స్టేషన్‌కు అసలు బాకీ ఖాతాలో రాసినదానికన్నా ఎక్కువే ఉంటుంది.

పింగ్‌ప్రియ

ఇదంతా యాక్సెస్ పాయింట్ నుంచి క్లయింట్‌కు పోయే దారి. వీడియో కాల్‌లో మన ముఖం అటువైపు పోతుంది కదా. క్లయింట్ నుంచి వచ్చేటప్పటి జాప్యాన్ని ఈ ముద్రలతో చూడవచ్చునా?

పాతకర్నెల్

చూడలేం. క్లయింట్ ప్యాకెట్ యాక్సెస్ పాయింట్‌కు చేరేసరికే తన వేచి ఉండడమంతా ముగించుకొని వస్తుంది. లినక్స్ ల్యాప్‌టాప్ అయితే దాని డ్రైవర్‌లోనే ఇవే ముద్రలు వేయాలి. ఫోన్ అయితే ఆ తలుపు మూసినట్టే. అప్పుడు ఐఆర్‌టీటీ లాంటి ఉపకరణంతో ఒక దిక్కు జాప్యాన్ని విడిగా కొలవడమే మిగులుతుంది, దానికి రెండు చివరల గడియారాలూ కలిసి నడవాలి. అవి కలవకపోయినా, రద్దీ లేనప్పటి కనిష్ఠాన్ని ఆధారంగా తీసుకొని రద్దీలో ఎంత పెరిగిందో చూస్తే క్యూ వాటా తెలుస్తుంది, కొలత సాగినంతసేపు గడియారాలు ఒకదానికొకటి జారకుండా ఉంటే చాలు.

సాలెగూడు

సరే. కర్నెల్‌ను మార్చాక ఏక్యూఎల్ అప్రమేయ హద్దులతో ఒకసారి, తగ్గించి ఒకసారి అవే హిస్టోగ్రామ్‌లను తీస్తాను. ల్యాప్‌టాప్ డ్రైవర్‌లో ముద్రలు వేయడానికి ఆ చిప్ గుర్తింపు సంఖ్యల పట్టిక ఎక్కడుందో వెతుకుతున్నాను. దొరక్కపోతే వేరే టపాలో అడుగుతాను.